అద్దానికి పట్టిన చెమట

మొన్న పొద్దున మా మనవరాలు పడకగది కిటికీ దగ్గర నిలబడి, గౌను అంచుతో అద్దాన్ని రుద్దీ రుద్దీ విసిగిపోయింది. రాత్రంతా ఏసీ నడిచిన గది. బయట ముసురు. అద్దం మొత్తం పాలు ఒలికినట్టు తెల్లబడి ఉంది.

"అమ్మమ్మా, ఎంత తుడిచినా పోతలేదు."

"లోపల తుడిస్తే ఎట్ల పోతదే? తడి అవతలి పక్క ఉంది."

అది నమ్మలేదు. బాల్కనీలోకి వెళ్ళి, బయటి నుంచి వేలితో గీత గీసి చూసి, "అవును!" అంటూ వచ్చింది. ఆ వెంటనే పరుగెత్తి, వాళ్ళమ్మ ఫోన్ తెచ్చి నాకు చూపించింది. "ఇండ్ల డ్యూ పాయింట్ అని ఉంది చూడు. మా టీచర్ తుషార బిందువు అని చెప్పింది గని నాకు అర్థం కాలే. ఏంది అమ్మమ్మా అంటే?"

"గాలికి కడుపుంటది" అన్నాను. "ఎచ్చగున్నప్పుడు పెద్ద కడుపు, మస్తు నీళ్ళు తాగుతది. సల్లబడితే కడుపు చిన్నగైతది. ఎక్కడిదాక సల్లబడితే ఇగ పట్టక కక్కుతదో, అదే నీ డ్యూ పాయింట్."

"ఛీ, కక్కుడేంది! ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా బాపు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో. వచ్చినందుకు నాకేమీ అనిపించలేదు. చాలా సంగతుల్లో నాకు ఏమీ అనిపించదు. మా ఆయన పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళందరికీ చాయ్ పెట్టించి, కప్పులు చాలలేదని పక్కింటికి మనిషిని పంపాను. జనం ఏమనుకున్నారో నాకు తెలుసు. అనుకోనీ. నేను చిన్నప్పటి నుంచే ఇంతే.

మాది అప్పుడు శాలిబండలో రెండు గదుల ఇల్లు. సందు చివర బాపు పనిచేసే రేకుల షెడ్డు. బాపు కూలర్లు చేసేవాడు. ఇప్పటి ప్లాస్టిక్ బొమ్మల్లాంటివి కావు. రేకు కత్తిరించి, వంచి, మూలలకు రివెట్లు కొట్టి, ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద డబ్బాలు. మూడు పక్కలా జాలీల్లో వట్టివేళ్ళ గడ్డి కుక్కేవాళ్ళు. చిన్న మోటారు పైనుంచి ఆ గడ్డి మీద నీళ్ళు కారుస్తుంటే, లోపలి ఫ్యాను ఆ తడిలోంచి గాలిని లాగి ఇంట్లోకి విసిరేది. శివరాత్రి పోయిందంటే సందంతా రేకు చప్పుడే. పొద్దున లేవగానే తడిసిన వట్టివేళ్ళ వాసన, కొత్త రంగు వాసన, మూల మీది హోటల్లో మరిగి మరిగి చిక్కబడ్డ చాయ్ వాసన, అన్నీ కలిసి మా ముందు గదిలో కూర్చునేవి.

కూలర్ కొనేవాళ్ళకు బాపు ముందే చెప్పేవాడు. "సూడు భాయ్, గాలి దూపగొన్నంతసేపే ఇది పనిజేస్తది. ఎండల గాలికి దూపెక్కువ, నీళ్ళు తాగుతది, సల్లగొస్తది. వానలు పడ్డంక గాలి కడుపు నిండుతది. ఇగ నువ్వు బిందెలు బిందెలు గుమ్మరించినా తాగది. అప్పుడొచ్చి నాతోని లొల్లి పెట్టుకోవద్దు." అయినా ప్రతి ఆషాఢంలో ఎవరో ఒకరు వచ్చి లొల్లి పెట్టుకునేవాళ్ళు.

అమ్మకు ఎండ పడదు. ఉడుకపోత అసలే పడదు. హోళీ పోయిందంటే చాలు, బియ్యం చేట పట్టుకుని కూలర్ ముందే పీట వేసుకునేది. వంకాయలు తరిగినా అక్కడే, నా తల దువ్వినా అక్కడే. నాయినమ్మ తలుపు దగ్గర కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తూ సణిగేది.

"ఓ మారాణీ! నీ ఒక్కదానికే పెట్టిన్రానే కూలరు?"

"నువ్వు గూడ రా అత్తా. జాగ లేకనా?" అనేది అమ్మ, కదలకుండానే.

నాయినమ్మ వెళ్ళేది కాదు. ఆమెకు గాలి అక్కర్లేదు, సణగడం కావాలి.

ఒకసారి నేను ఎర్ర షర్బత్ సీసా తీసుకుని మూతలకు మూతలు కూలర్ తొట్టిలో పోశాను. ఇల్లంతా గులాబీ వాసన వస్తుందని నా ఉపాయం. వచ్చింది. సాయంత్రానికి వీధిలోని చీమలూ వచ్చాయి. గోడ ఎక్కి, జాలీ దూరి, గడ్డి నిండా చీమలు. నాయినమ్మ నా వీపు విమానం మోత మోగించబోతే అమ్మ అడ్డం వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "పోనియ్యి అత్తా, చీమలకు దావత్ ఇచ్చింది నా బిడ్డ. పుణ్యమే" అంది. బాపు గడ్డంతా పీకి కొత్తది కుక్కాడు. ఆ నవ్వు చప్పుడు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. ముఖం మాత్రం గుర్తుండేది కాదు. దాని గురించే చెబుతున్నాను.

అమ్మకు ఒక్కటే ఫోటో ఉండేది. గాజులకని బజారుకు పోయి, మలుపులో ఉన్న స్టూడియోలో ఒక్కతే దిగి వచ్చింది. మా ఇళ్ళల్లో ఆడది ఒంటరిగా ఫోటో దిగడమేమిటి? నాయినమ్మ వారం రోజులు సాధించింది. "మొగడు లేడా, పిల్ల లేదా? ఒక్కదానివే దిగొచ్చినవ్, సినిమల చేర్తవా ఏంది?"

"కొత్త గాజులేసుకున్న గదా అత్తా, దిగబుద్ధయింది" అంది అమ్మ. అంతకు మించి కారణం లేదు. కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, గాజులు కనబడేలా నిలబడి ఉంటుంది ఆ ఫోటోలో. పక్కన ప్లాస్టిక్ పూల కుండీ.

ఆ ఎండాకాలం మొదట్లోనే అమ్మకు జ్వరం వచ్చింది. డాక్టరు గోలీలు ఇచ్చాడు, సూది వేశాడు. జ్వరం తగ్గలేదు. జ్వరంలో చల్లగాలి తగిలితే సన్నిపాతం అవుతుందని మా ఇళ్ళల్లో అందరికీ నమ్మకం. నాయినమ్మ కూలర్ బందు చేసింది, తలుపు మూసింది, గొంగడి కప్పింది. బాపు కాదనలేదు. కూలర్లు చేసే ఇంట్లో కూలర్ ఆపేసి, అమ్మను ఉడుకులో పడుకోబెట్టాం.

"అత్తా, జర గాలి తగలనియ్యి" అని అడిగేది అమ్మ.

"రేపు తియ్ బిడ్డా. జరం దిగనీ."

జ్వరం దిగలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ అడగడం మానేసింది.

ఆడవాళ్ళు నన్ను పట్టుకుని, "ఏడువు బిడ్డా, ఏడువు, కడుపుల పెట్టుకోకు" అన్నారు. ప్రయత్నించాను. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. పక్కింటి ఖాలా పప్పన్నం కలిపి తెస్తే అంతా తిన్నాను. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా గమనించాను. బాపు కూడా నాలాగే. కర్మలు అయిన మర్నాడే షెడ్డుకు పోయి రేకు కోశాడు. ఎండలు ముదిరే రోజులు, కూలర్లకు జనం వరస కట్టారు.

మా ఇంట్లో కూలర్‌ను మళ్ళీ పెట్టింది నాయినమ్మే. అమ్మ ఫోటోకు ఫ్రేము కట్టించింది. ఎదుటి గోడకు, గాలి సూటిగా వచ్చి తగిలేచోట, తనే మేకు కొట్టి తగిలించింది. రోజూ మల్లెపూల దండ. పూలు వాడకుండా దండ మీద నీళ్ళ చిలకరింపు.

"తీస్కో బిడ్డా" అనేది ఫోటో ముందు నిలబడి. "ఎంత గాలి గావాల్నో తీస్కో. ఇగ నిన్నెవ్వరు ఆపరు."

అమ్మ బతికుండగా పీట దగ్గరికి రాని మనిషి, ఇప్పుడు ఆ పీట మీదే కూర్చుని ఫోటోకేసి చూస్తూ ఉండేది. బాపు మాత్రం ఆ గోడకు వీపు పెట్టి అన్నం తినేవాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తల దించుకునే నడిచేవాడు. వానలు పడ్డాయి. ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారింది. అగ్గిపుల్లలు గీస్తే జారిపోయేవి. అప్పడాలు గుడ్డపేలికల్లా వేలాడేవి. అయినా నాయినమ్మ కూలర్ ఆపలేదు.

"అవ్వా, వానల్ల కూలరెందుకే? ఇల్లంత చెమ్మ పట్టె" అన్నాడు బాపు ఒకసారి, కంచంలోకి చూస్తూ.

"నాకు ఉడుకపోస్తుంది" అంది నాయినమ్మ.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. గాలి కడుపు గురించి ఊరందరికీ చెప్పిన మనిషి, ఒక్కసారి తల తిప్పి గోడ వైపు చూసి ఉంటే చాలు, ఫోటోను అక్కడి నుంచి తీసేసేవాడు. చూడలేదు.

ఆ రోజుల్లోనే నేను అమ్మ ముఖం మరిచిపోసాగాను. గొంతు గుర్తుంది. నా జడ లాగి కట్టే వేళ్ళు గుర్తున్నాయి. కళ్ళు మూసుకుని ముఖం తెచ్చుకుందామంటే, అక్కడ ఏమీ ఉండేది కాదు. గబుక్కున గోడ వైపు చూసుకునేదాన్ని. హమ్మయ్య, ఉంది. మళ్ళీ కళ్ళు మూసుకుంటే పోయేది. భయమనిపించేది కాదు గాని, రోజుకు ఎన్నోసార్లు అలా చూసుకునేదాన్ని.

బోనాలకు ఇల్లు దులుపుతూ నాయినమ్మ ఫ్రేము కిందికి దించింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఆ తర్వాత, "ఓ దేవుడా!" అని చతికిలబడింది. చీర దగ్గర, పూలకుండీ దగ్గర బూజు చుక్కలు. ముఖం ఉన్న చోట ఫోటో ఉబ్బి, అద్దానికి అతుక్కుపోయింది. తడి తగిలిన అప్పడం పళ్ళేనికి అతుక్కున్నట్టు.

ఇద్దరం స్టూడియోకు పరుగెత్తాం. ఫోటో చాచా కళ్ళజోడు పైకి తోసి, దీపం ముందు పెట్టి చూశాడు.

"హాత్ మత్ లగావ్ అమ్మా, ముట్టొద్దు. ఇప్పుడు లాగితే మొఖం సీదా అద్దంతోనె వచ్చేస్తది. హవాలో నమీ, తడి మస్తుంది. దీవాలి పోనీ, సూఖా పడనీ, అప్పుడు చూద్దాం."

"ఇంకోటి తియ్యరాదు భాయ్? నీ దగ్గర అసలుది ఉంటది గద, నెగెటివు?"

చాచా లోపలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి చూపించాడు. వానకు పైకప్పు కారి, లోపలి నెగెటివ్‌లన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయి ఉన్నాయి. ఎవరి పెళ్ళిళ్ళో, ఎవరి పిల్లలో. మాఫ్ కరో అన్నాడు.

దారి పొడుగునా నాయినమ్మ తనను తానే తిట్టుకుంది. "బతికున్నప్పుడు గాలి ఇయ్యకపోతి. సచ్చినంక ఇచ్చి దాని మొకమే తీస్తి. నా చేతులు పాడుగాను." నేను ఆమె కొంగు పట్టుకుని, ఆటోల మధ్య దారి చూసుకుంటూ నడిచాను.

ఎండే దాకా ఆ ఫ్రేమును ఎక్కడ పెట్టాలి? బియ్యం తేమను పీలుస్తుందని నాయినమ్మే అంది. పాత బట్టలో చుట్టి, బియ్యం డబ్బాలో నిలువుగా పూడ్చింది. ఆ వానాకాలమంతా అమ్మ బియ్యంలో ఉంది. ఆ బియ్యమే వండుకుని తిన్నాం. కొలవడానికి నన్ను పంపితే, మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఫ్రేము అంచు తగిలేదాకా వెతికేదాన్ని. బియ్యం లోపల చల్లగా ఉండేది. "ఏం జేస్తున్నవే అంతసేపు?" అని నాయినమ్మ అరిస్తే, "రాళ్ళు ఏరుతున్న" అనేదాన్ని. ఆమెకూ తెలుసు. ఆమె చేతికి కూడా తరచూ బియ్యప్పిండి అంటి ఉండేది.

దీపావళి పోయింది. పెదాలు పగిలే గాలి మొదలైంది. చాచా మా ముందే ఫ్రేము విప్పి, పలచటి కత్తి పెట్టి, ఊపిరి బిగబట్టి ఫోటోను లేపాడు. పూలకుండీ వచ్చింది. గాజుల చెయ్యి వచ్చింది. చీర వచ్చింది. మెడ దాకా వచ్చింది. ముఖం అద్దం మీదే ఉండిపోయింది. అది కూడా నిలవలేదు. పెళుసెక్కి, పొరలు పొరలుగా లేచి, అద్దాన్ని కదిపితే నల్లటి పొడిలా రాలిపోయింది. చేతిలో మిగిలిన కాగితం మీద, మెడ పైన, తెల్లటి ఖాళీ.

చాచా డబ్బులు వద్దన్నాడు. నాయినమ్మ నెత్తి కొట్టుకుంది. నేను ఆ ఖాళీ వైపు చూస్తూ, కళ్ళు మూసుకుంటే నాకు కనబడేదీ ఇదే కదా అనుకున్నాను.

బాపుకు చెబితే, ఊఁ అన్నాడు. చేతులు కడుక్కుని, గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడా గోడ మీద మేకు తప్ప ఏమీ లేదు.

ఒకరోజు పొద్దున నాయినమ్మ ఆ అద్దాన్ని ముందు వేసుకుని కూర్చుంది. దేవుడి పటానికైనా పనికొస్తుందని ఇంటికి తెచ్చింది. తన కళ్ళజోడు తుడుచుకునే అలవాటు ప్రకారం, అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుని హా అని ఆవిరి పట్టించింది. కొంగుతో తుడవబోయి ఆగిపోయింది.

"ఒసేయ్ పిల్లా! ఉర్కిరా! వచ్చింది, అది వచ్చింది!"

ఉరికాను. అద్దం మీద ఆవిరిలో అమ్మ ముఖం ఉంది. పాపిట, బొట్టు, పైకెత్తిన గడ్డం. ఫోటో అంతకాలం అతుక్కుని ఉన్నచోట కంటికి కనబడని మరకేదో మిగిలిందట, ఆవిరి అక్కడొక రకంగా, పక్కనొక రకంగా పట్టిందట. అది నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం, చూస్తుండగానే అంచుల నుంచి ఆరుతూ వచ్చి, ముక్కు దగ్గర కాస్త నిలిచి, పోయింది. నాయినమ్మ గొల్లుమని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. "ఇంకోసారి" అన్నాను.

ఇంకోసారి, ఇంకోసారి. రోజూ పొద్దున అదే పని. నాయినమ్మ హా అనేది, చూసేవాళ్ళం, ఆమె చేతి అలవాటున కొంగుతో తుడిచి లోపల పెట్టేది. కొన్నాళ్ళకు బొట్టు సరిగ్గా కనబడడం మానేసింది. "నా కండ్లు మందగించినయి" అంది నాయినమ్మ. నాకూ కనబడలేదు. చెప్పలేదు.

ఒకరోజు అలా తుడుస్తుండగా బాపు లోపలికి వచ్చాడు. ఎప్పటిలాగా తల దించుకునే ఉన్నాడు. అద్దం కిందనే, నాయినమ్మ ఒళ్ళో ఉంది. అందుకే కంటబడింది. సగం ఆవిరి ఇంకా ఆరలేదు.

నిలబడిపోయాడు. "తుడవకే అవ్వా" అన్నాడు. "తుడిస్తే పోతది. దానంతటదే వచ్చి, దానంతటదే పోవాలె."

చెప్పులు వేసుకుని బయటికి పోయి, గోనె సంచిలో ఐసుగడ్డ పట్టుకొచ్చాడు. పళ్ళెంలో ఐసు ముక్కలు పరిచి, మీద అద్దాన్ని ముఖం ఉన్న పక్క పైకి వచ్చేలా పెట్టాడు. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. బాపు కూలర్ కొనేవాళ్ళకు చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"గాలి సల్లగైతే కడుపు చిన్నగైతది. తాగిన నీళ్ళు పట్టవు. గప్పుడు దేని మీద ఆనితే దాని మీద కక్కుతది. మనం ఊదొద్దు, ముట్టొద్దు. గాలే జేస్తది."

గాలే చేసింది. ముందు అద్దం మసకబారింది. ఆ మసకలో అమ్మ మెల్లగా వచ్చింది. ఆవిరిలో వచ్చినంత తొందరగా పోలేదు, ఐసు కరిగేదాకా ఉంది. నుదుటి దగ్గర మంచు చేరి చేరి, సన్నటి బొట్లుగా మారింది.

"చెమట పట్టిందిరా దానికి" అని నాయినమ్మ కొంగు ముందుకు చాపింది. బాపు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకుని ఉన్నాడు. అమ్మ పోయాక బాపు అమ్మ ముఖం చూడడం అదే మొదలు, అదే చివర. ఐసు కరిగింది. "ఇగ చాలు" అని లేచి, అద్దాన్ని అమ్మ చీరలోనే చుట్టి సందూక పెట్టెలో పెట్టాడు. మళ్ళీ ఎవ్వరం తియ్యలేదు. కూడదని ఎవరూ అనలేదు గాని, తియ్యలేదు.

నాయినమ్మ పోయింది. బాపు పోయాడు. రేకు కూలర్లు పోయాయి. ఆ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఏసీలు బాగుచేసే దుకాణం ఉంది. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ చీర మూట నాతో తెచ్చుకున్నాను. బీరువా అడుగున ఉంది.

మొన్న మనవరాలు బడికి పోయాక దాన్ని తీశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. అద్దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, బియ్యం కడిగి, కుక్కర్ ఎక్కించి, విజిళ్ళు వచ్చాక అద్దాన్ని బయటికి తీశాను. ముందు గదిలో ఫ్యాను ఆపాను. బల్ల మీద నల్లటి శాలువా పరిచి, దాని మీద పెట్టాను. ఊదలేదు. ముట్టలేదు. బయట ముసురు, గాలి కడుపు నిండా నీళ్ళున్నాయి.

వచ్చింది. బొట్టు లేదు, నాయినమ్మ కొంగు దాన్ని ఎప్పుడో తుడిచేసింది. పాపిట ఉంది. గడ్డం ఉంది. ఎంత చిన్నపిల్ల! మా అమ్మాయి కంటే చిన్నది. ఇంత పిల్లనా మేమందరం కలిసి తలుపులు మూసి పడుకోబెట్టింది?

నుదుటి మీద మంచు చిక్కబడింది. చిన్న చిన్న బొట్లు కలిసి పెద్దవయ్యాయి. ఒకటి కణత మీదుగా జారింది. గది ఉక్కగా ఉంది. నా మెడ మీద కూడా చెమట కారుతోంది.

నా చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆపుకున్నాను. ఇంకాసేపు కదలకుండా కూర్చుంటే ఇంకాసేపు ఉంటుంది. తెలుసు. కూర్చోలేకపోయాను.

లేచి ఫ్యాను వేశాను.

"తీస్కో అమ్మా" అన్నాను. "ఎంత గాలి గావాల్నో తీస్కో."

ముందు నుదుటి మీది చెమట ఆరింది. ఆ తర్వాత ముఖం.